ఒక తొట్టిలో ఒద్దికగా ఉండే చేపలు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



ఈ రోజు నేనెత్తుకున్న విషయం విని మీలో కొందరు నవ్వుకుంటారేమో! కడపలో కూర్చుని సముద్రపు చేపల గురించి మాట్లాడుతుందేమిటి ఈవిడ అని. నవ్వితే తప్పేమీ లేదు. మీకంటే ముందు మా అత్తగారు నవ్వారు. నవ్వడమే కాదు, గాజు తొట్టి ఇంట్లోకి వచ్చిన రోజున గడప దగ్గర నిలబడి, "తాగే నీళ్ళకే ఈడ కటకటగా ఉండె, చేపలకు సముద్రం తెచ్చి పోస్తావేందమ్మా?" అని అడిగారు. ఆ మాటకు జవాబు చెప్పడానికి నాకు చాలాకాలమే పట్టింది.

అసలు ఇదంతా మొదలైంది విశాఖపట్నంలో. పెళ్ళికని వెళ్ళి, బీచి రోడ్డులో మత్స్యదర్శిని చూశాం. మా చిన్నవాడు గాజుకు ముక్కు ఆనించి కదలలేదు. "ఫైండింగ్ నీమో" అని 2003లో ఒక బొమ్మల సినిమా వచ్చింది గదా, అందులోని నారింజ రంగు చేప వాడికి చుట్టమైపోయింది. ఇంటికొచ్చినా అదే పాట. చీటీ పాడిన డబ్బులు చేతికొచ్చిన నెల, నేనూ మెత్తబడ్డాను.

ఒక పెద్ద ఊరి దుకాణానికి పోయి, నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి కొన్నాం. రాళ్ళు, ఇసుక పోను రెండు వందల లీటర్ల నీళ్ళు పడతాయి. ఇక చేపలు! చీరల కొట్టుకు పోయినట్టే పోయాను. ఇది బాగుంది, అదీ బాగుంది, ఈ రంగు పక్కన ఆ రంగు పెడితే ఇంకా బాగుంటుంది. రెండు క్లౌన్ చేపలు, రెండు నీలం డామ్సెల్‌లు, తెల్లటి ఒళ్ళు, ఎర్రటి తోకతో సన్నగా ఉండే ఫైర్‌ఫిష్ ఒకటి, బొటనవేలంత లయన్‌ఫిష్ పిల్ల ఒకటి ఏరుకున్నాను. "అన్నీ కలిసిపోతాయి తీసుకోండమ్మా" అన్నాడు దుకాణదారు. కాదనడానికి నాకేం తెలుసు?

మూడోనాడు పొద్దున్నే ఫైర్‌ఫిష్ కనబడలేదు. రాళ్ళ సందులో దాక్కుందేమోనని వెతికాం. లయన్‌ఫిష్ మాత్రం ఒక మూల, విందు తిన్న పెళ్ళివారిలాగా పొట్ట ఉబ్బించుకుని కదలకుండా ఉంది. అప్పుడు అర్థమైంది. వారం తిరక్కుండా డామ్సెల్‌లు తొట్టిని చెరి సగం పంచుకున్నాయి. క్లౌన్‌లు రెండూ పైమూలన, నీటి గొట్టం కింద బిక్కుబిక్కుమంటూ ఉండేవి. తోకలు పీలికలైపోయాయి. పన్నెండో రోజున ఒకటి, పదిహేనో రోజున రెండోది పోయాయి. మావాడు అన్నం తినలేదు. ఆ పైన డామ్సెల్‌లు రెండూ ఒకదాన్నొకటి తరిమి తరిమి, చివరికి ఒక్కటే మిగిలింది. లయన్‌ఫిష్ సంగతి ఇంకా ఉంది. తొట్టి కడుగుతుంటే మావారి వేలికి దాని ముల్లు గుచ్చుకుంది. అది విషపు ముల్లు. చెయ్యి మణికట్టు దాకా మండిపోయింది. డాక్టరుగారు ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ముంచి ఉంచమన్నారు. ఆ విషం వేడికి విరుగుతుందట. ఆ మాట మీరూ గుర్తుపెట్టుకోండి. అయినా డాక్టరుకు చూపించడం మానకండి.

తప్పు దుకాణదారుదా, నాదా అని చాలా రోజులు ఆలోచించాను. అతను అమ్ముకునేవాడు. అడగవలసినవి అడగనిదాన్ని నేను. పిల్లకు సంబంధం చూసేటప్పుడు రంగొక్కటే చూస్తామా? గుణం అడుగుతాం, అలవాట్లు అడుగుతాం, ఇంట్లో ఎంతమంది అని అడుగుతాం. ప్రాణమున్న చేపను మాత్రం దుప్పటి అంచు చూసినట్టు చూసి కొన్నాను. అప్పుడు పుస్తకాలు తెప్పించుకున్నాను, పెంచేవాళ్ళను అడిగాను. కర్నూల్లో మా ఆడబిడ్డగారింట్లో మంచినీళ్ళ చేపలు పదేళ్ళుగా పెంచుతున్నారు, ఆమె దగ్గరా నేర్చుకున్నాను. తెలిసినవి చెబుతాను.

మొట్టమొదట చూడవలసింది చేప నోరు. రంగు కాదు, తోక కాదు, నోరు. ఒక చేప నోట్లో పట్టే చేప ఏదైనా దానికి ఆహారమే. స్నేహాలు, మొహమాటాలు దానికి తెలియవు. లయన్‌ఫిష్‌ది గుమ్మం అంత నోరు. గ్రూపర్ చేపలదీ అంతే. రెండోది, పెరిగాక ఎంతవుతుంది అన్నది. దుకాణంలో రెండంగుళాలున్న నీలిరంగు టాంగ్, అదే ఆ సినిమాలో మతిమరుపు చేప, పెరిగితే దాదాపు అడుగవుతుంది. సముద్రంలో రోజంతా ఈదే చేప అది. నాలుగడుగుల తొట్టిలో దాన్ని పెట్టడమంటే, పరుగెత్తే పిల్లవాణ్ణి వంటింట్లో వేసి తలుపేసినట్టు. పైగా దాని తోక మొదట్లో చిన్న చాకులాంటి ముల్లుంటుంది. కోపం వస్తే పక్కవాటిని చీరేస్తుంది.

మూడోది ఎవరి చోటు ఏది అని. పగడాల దిబ్బల్లో పుట్టిన చేపల్లో చాలావాటికి ఒక రాయి, ఒక సందు సొంతం. అది నాది అనుకున్నాక ఇంకొకరిని రానివ్వవు. ఒకే రంగు, ఒకే ఆకారం ఉన్న చేపను చూస్తే మరీ కోపం. మన ఇళ్ళల్లోనూ పోట్లాట దూరపువాళ్ళతో రాదు, గోడ పక్కవాళ్ళతోనే వస్తుంది గదండీ. డామ్సెల్ చేపలు చౌక, గట్టివి, ఏ నీళ్ళలోనైనా బతుకుతాయి. అందుకే దుకాణాల్లో కొత్తవాళ్ళకు మొదట అవే అంటగడతారు. చిన్న తొట్టిలో వాటి జోలికి పోవద్దని నా సలహా. ఒకసారి తొట్టి పట్టు చిక్కిందంటే మరి వదలవు.

నాలుగోది తిండి. ఇది ఆడవాళ్ళం మనకే బాగా తెలుస్తుంది. పంక్తిలో వేగంగా తినేవాళ్ళ పక్కన నెమ్మదిగా తినేవాళ్ళను కూర్చోబెడితే ఏమవుతుంది? నెమ్మదస్తుల విస్తరి ఖాళీ. కొన్ని చేపలు మనం వేసింది అసలు తినవు. పట్టుచీరలా మెరిసే మాండరిన్ అనే చేప ఉంది, చూస్తే చూపు తిప్పుకోలేం. అది రాళ్ళ మీద పాకే కంటికానని పురుగుల్నే ఏరుకు తింటుంది. కొత్త తొట్టిలో ఆ పురుగులుండవు. రోజురోజుకీ చిక్కి, ఆకలితో పోతుంది. దాన్ని కొనవద్దు, ఎంత ముద్దొచ్చినా సరే. మిగతా చేపల ఒంటి మీద పురుగులు తినే క్లీనర్ రాస్ కూడా అలాంటిదే. కాబట్టి డబ్బివ్వబోయే ముందు ఒక్కమాట అడగండి: "ఇది తింటోందా? నా ఎదుట తినిపించి చూపించు." నిజాయితీగల దుకాణదారు చూపిస్తాడు. తినని చేపను అక్కడే వదిలి రండి.

ఇక పగడాల సంగతి. విదేశాల్లో ఇళ్ళల్లో బతికున్న పగడాలతో తొట్టెలు పెంచుతారు, బొమ్మల్లో చూసే ఉంటారు. మన దేశంలో రాతి పగడాలు, నల్ల పగడాలు, విసనకర్రల్లాంటి సీ ఫ్యాన్‌లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అంటే పులితో సమానం. సముద్రంలోంచి తీయడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. నీటిగుర్రాలు కూడా ఆ ఏడాదే ఆ పట్టికలో చేరాయి. ఎవరైనా చాటుగా తెచ్చి ఇస్తామన్నా వద్దనండి. యాత్రలకు పోయినప్పుడు తెల్లటి పగడపు కొమ్మలు అమ్మజూపితే అవీ వద్దు. చచ్చినదే గదా అంటే చట్టం ఒప్పుకోదు. మా తొట్టిలో ఉన్నవి మామూలు బొరియల రాళ్ళు, నాలుగు కృత్రిమమైన కొమ్మలు. చేపలకు కావలసింది దాక్కోవడానికి చోటు, అది ఉంటే చాలు. క్లౌన్ చేపకు సీ ఎనిమోన్ తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. సముద్రంలో శత్రువుల నుంచి కాపాడుకోవడానికి అవసరం. శత్రువులు లేని తొట్టిలో అది లేకుండానే హాయిగా బతుకుతుంది.

మళ్ళీ తొట్టి పెడదామని మావాడు అడిగినప్పుడు ఈసారి నేను కాగితం మీద రాసుకున్నాను. రెండు వందల లీటర్లకు ఆరు చిన్న చేపలు, అంతకు మించి ఒక్కటి కూడా వద్దని. ఏవేవి పెట్టామో చెబుతాను.

ఇసుకలో ఉండేది గోబీ, దానికి తోడు పిస్తోలు రొయ్య. ఈ ఇద్దరి కాపురం చూడవలసిందే. రొయ్యకు చూపు సరిగా ఆనదు, కానీ రోజంతా ఇసుక తోడి బొరియ కట్టడంలో దిట్ట. గోబీకి బొరియ తవ్వడం రాదు, కళ్ళు మాత్రం చురుకు. రొయ్య ఇల్లు కడుతుంటే గోబీ గుమ్మంలో కాపలా. రొయ్య ఒక మీసం ఎప్పుడూ గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. గోబీ తోక అదిలిస్తే చటుక్కున ఇద్దరూ లోపలికి! మా అత్తగారు మొదట తొట్టి దగ్గర కూర్చున్నది దీన్ని చూడ్డానికే.

నడిమి నీళ్ళలో బాంగాయ్ కార్డినల్ జంట. ఇండోనేషియా దీవుల చేప అది. అక్కడ సముద్రంలో పట్టి పట్టి తగ్గిపోయింది గనుక తొట్టెల్లో పుట్టిన పిల్లలనే అడిగి తెప్పించుకున్నాం. వీటిలో తండ్రే తల్లి. గుడ్లను మగచేప నోట్లో పెట్టుకుని, పిల్లలై బయటికొచ్చేదాకా మూడు నాలుగు వారాలు ఏమీ తినదు. మా పక్కింటి వదినగారు అది విని, "మా ఇంటాయనకు చూపించాల" అన్నారు.

మళ్ళీ ఒక ఫైర్‌ఫిష్, ఒకటే. అది భయస్తురాలు. ఉలిక్కిపడితే తొట్టిలోంచి ఎగిరి కింద పడుతుంది, అందుకని పైన దోమతెర వల బిగించాం.

అన్నిటికంటే చివర క్లౌన్ జంట. ఎందుకు చివర అంటే, పిరికివాటిని ముందు, పెత్తనం చేసేవాటిని తర్వాత పెట్టాలి. ముందొచ్చినవాళ్ళకు ఇల్లు అలవాటై ఉంటుంది, వెనకొచ్చినవాళ్ళు కొంత అణిగి ఉంటారు. నేను మొదటిసారి అన్నీ ఒక్క రోజే వేశాను. ఇప్పుడు ఒకదానికి, ఇంకొకదానికి మధ్య నెల ఎడం ఇచ్చాం. కొత్తది వచ్చిన ప్రతిసారీ వేరే చిన్న తొట్టిలో నాలుగు వారాలుంచి, జబ్బేమీ లేదని తేలాకే ఇందులోకి. వదిలేటప్పుడు దీపం ఆర్పి, రాళ్ళు కొంచెం అటూ ఇటూ జరపాలి. పాతవాటికీ ఇల్లు కొత్తగా అనిపించి, పోట్లాట మీద ధ్యాస తగ్గుతుంది.

క్లౌన్ చేపల గురించి ఒక చిత్రం చెప్పాలి. ఇవన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడదవుతుంది, అధికారమంతా దానిదే. ఆ ఆడచేప పోతే మగచేప ఆడచేపగా మారిపోతుంది, చిన్నవాటిలో పెద్దది మగడవుతుంది. ఆ సినిమాలో తల్లి పోయాక తండ్రి కొడుకును పెంచుతాడు గదా, నిజం చేపల్లో అయితే ఆ తండ్రి తల్లయిపోయేవాడు. మా వాడికి ఇది చెబితే రెండు రోజులు నన్ను నమ్మలేదు. అందుకే వీటిని కొనేటప్పుడు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చూసి తెచ్చుకోవాలి. సమానంగా ఉంటే ఎవరు పెద్ద అన్న తగువు తేలేదాకా కొట్టుకుంటాయి. మూడోది మాత్రం పెట్టకూడదు.

చేప ఎక్కడ పుట్టిందీ అడగండి. కొన్ని దేశాల్లో పగడాల సందుల్లో సైనైడ్ చల్లి, మత్తెక్కిన చేపల్ని పట్టి అమ్ముతారు. అవి చూడ్డానికి బాగానే ఉండి, కొన్నాళ్ళకు కారణం తెలియకుండా పోతాయి. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వారు రామేశ్వరం దారిలో ఉన్న మండపంలో, కేరళలో విళింజంలో క్లౌన్ చేపలను తొట్టెల్లో పిల్లలు పెట్టించే పద్ధతి సాధించారు. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ వారు అలంకార రొయ్యల పెంపకం అక్కడి ఆడవాళ్ళకు నేర్పారు. ఇళ్ళ దగ్గరే పెంచి నాలుగు డబ్బులు చూసుకుంటున్నారు. తొట్టిలో పుట్టిన చేపకు మనం వేసే మేత, మన గాజు, మన దీపం అన్నీ పుట్టుకతోనే అలవాటు. ధర కాస్త ఎక్కువైనా అదే మేలు.

ఎంత పొందికైన చేపలైనా నీళ్ళు బాగా లేకపోతే కొట్టుకుంటాయి. ఉక్కపోతలో, ఆకలిలో మనం మాత్రం విసుక్కోమా? కాబట్టి మన ఎండల సంగతి కొంత చెప్పక తప్పదు. మనకు సముద్రం రోడ్డున పోతే నూట యాభై కిలోమీటర్ల పైమాటే. ఇంట్లోనే కలుపుకోవాలి. లీటరుకు 35 గ్రాముల లెక్కన రెండు వందల లీటర్లకు ఏడు కిలోల ఉప్పు. వంటింటి ఉప్పు కాదు సుమండీ! సముద్రపు నీటిలో ఉండే సున్నం, మెగ్నీషియం అన్నీ కలిపిన ప్రత్యేకమైన ఉప్పు అమ్ముతారు. బోరు నీళ్ళు పనికిరావు. మన కడప, కర్నూలు నేలంతా సున్నపురాయి గదా, కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం మీరు రోజూ చూసేదే. ఫిల్టరు నీళ్ళే వాడాలి. ఆ నీళ్ళు రాగి బిందెలో, ఇత్తడి బిందెలో పట్టకండి. రాగి అణువంత కలిసినా రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. ఉప్పు కలిపిన రోజే చేపలు వేయడం నేను చేసిన ఇంకో తప్పు. నెల, నెలన్నర నీళ్ళు తిరుగుతూ ఉంటే, చేపల మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు రాళ్ళలో పెరుగుతాయి. అమ్మోనియా సున్నా అని పరీక్షలో తేలాకే మొదటి చేప.

ఏప్రిల్, మే నెలల్లో మనకు నలభై డిగ్రీలు దాటుతుంది. ఈ చేపలకు 28 దాటితే కష్టం. సముద్రంలోనే ఒకటి రెండు డిగ్రీలు పెరిగి నిలిస్తే పగడాలు తెల్లబారతాయి, 1998లో మన్నారు సింధుశాఖలో, లక్షద్వీప్‌లో అదే జరిగింది. చల్లబరిచే యంత్రాలున్నాయి గాని ఖరీదు. మేము నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను తిప్పుతాం. మన గాలి పొడిగాలి, మట్టికుండ ఎట్లా చల్లబడుతుందో తొట్టి అట్లా చల్లబడుతుంది. రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. తొట్టి ఉన్న గదికి వట్టివేళ్ళ తడిక కూడా కట్టాం. వట్టివేళ్ళు గాలిలో తేమ పెంచుతాయి గనుక కిటికీకే గాని తొట్టి పక్కన కట్టకండి, ఫ్యాను పని చెడుతుంది. కరెంటు పోతే గాలి ఆడించే చిన్న మోటారు ఇన్వర్టరు మీద నడవాలి, ఇది మరిచిపోవద్దు.

ఫ్యాను వేస్తే నీళ్ళు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉండి చిక్కబడుతుంది. పప్పుచారు మరిగి ఇగిరితే ఉప్పెక్కినట్టే. అప్పుడు మళ్ళీ ఉప్పునీళ్ళు పోయకూడదు, ఉత్త ఫిల్టరు నీళ్ళే పోయాలి. గాజు మీద గీత గీసి పెట్టుకుంటే ఎంత తగ్గిందో తెలుస్తుంది.

ఇక మా అత్తగారి ప్రశ్న. వారానికి ఇరవై లీటర్లు మార్చాలి. ఫిల్టరులో ఆ ఇరవై లీటర్లు రావడానికి అంతకంటే ఎక్కువ నీళ్ళు వృథాగా బయటికి పోతాయి. మొదట్లో అవి కాలవలోకి పోయేవి. అత్తగారు అది చూసి ఊరుకోలేదు, ఊరుకోకూడదు కూడా. ఇప్పుడు గొట్టం కింద రెండు బక్కెట్లు. అంట్లకు, ఇల్లు తుడవడానికి ఆ నీళ్ళే. తొట్టిలోంచి తీసిన ఉప్పునీళ్ళు మాత్రం మొక్కలకు పోయవద్దు, నా కరివేపాకు చెట్టు అట్లాగే పోయింది. మీ వీధిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే రోజులైతే ఈ సరదా వాయిదా వేసుకోండి. మంచినీళ్ళ చేపలకు ఇంత నీళ్ళ ఖర్చు లేదు. గప్పీలు, మోలీలు అయితే మన సున్నపు నీళ్ళలోనే సుఖంగా ఉంటాయి, కర్నూల్లో మా ఆడబిడ్డగారు పెంచేవి అవే.

వేంపల్లె దగ్గర కొండరాళ్ళలో ఉల్లిపాయ పొరల్లాంటి గుండ్రని చారలు కనిపిస్తాయి. దాదాపు 190 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉన్నప్పుడు, ఆ నీళ్ళలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన దిబ్బలవి అని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. చేపలు పుట్టక ముందటి మాట. మా వాడు బళ్ళో అది విని వచ్చి, "చూడు జేజీ, సముద్రం అమ్మ తేలా, ముందునించీ ఈడే ఉండె" అన్నాడు. అత్తగారు ఏమీ అనలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, గీత దగ్గర నీళ్ళెంత తగ్గాయో చూసి, చెంబుతో ఫిల్టరు నీళ్ళు పోశారు. స్టీలు చెంబేనండి.

వచ్చే నెల ప్రసంగంలో చేపల మేత ఇంట్లోనే తయారుచేసే పద్ధతి చెబుతాను. సెలవు.